చల్లబరిచి పారేసే గాలి: చెన్నైలో ఒక వైద్య పరిశోధనశాల కట్టడం వెనకున్న లెక్క

మే నెల మధ్యాహ్నం చెన్నైలో ఏ డాబా ఎక్కినా కాళ్లు కాలతాయి. కానీ వైద్య పరిశోధన ల్యాబులున్న భవనం డాబా మీద ఒక విచిత్రం కనిపిస్తుంది. లోపలి గాలిని బయటికి తోసే పెద్ద రేకు డక్టు ముట్టుకుంటే చల్లగా ఉంటుంది. ఇన్సులేషన్ లేని చోట దానికి ఒళ్లంతా చెమట పట్టి, కింద సిమెంటు మీద బొట్లు బొట్లుగా నీళ్లు కారుతుంటాయి. ఆ డక్టులో పోయేది 24 డిగ్రీల దగ్గరున్న గాలి. దాన్ని అంత చల్లగా చేయడానికి చిల్లర్ (భవనమంతటికీ చల్లటి నీళ్లు తయారుచేసే యంత్రం) పగలూ రాత్రీ నడుస్తోంది. చల్లబడ్డ ఆ గాలి గదిలో ఉండేది ఆరేడు నిమిషాలే. తర్వాత దాన్ని ఆకాశంలోకి వదిలేస్తారు.

నాది నెల్లూరు. చదువయ్యాక చెన్నై వచ్చి, ఇక్కడే భవనాలకి ఏసీ, వెంటిలేషన్ డిజైన్ చేసే పనిలో స్థిరపడ్డాను. ల్యాబు కట్టించాలనుకునేవాళ్లు మొదటి మీటింగులో దాదాపు అందరూ ఒకే మాట అడుగుతారు: "కరెంటు తక్కువ తినే భవనం కావాలండీ. ఏ అద్దం వేద్దాం? డాబా మీద ఎంత సోలార్ పెట్టొచ్చు?" వాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ ఆ ప్రశ్న తప్పు చోట మొదలవుతోంది. అద్దం గురించి మాట్లాడేముందు, కుదిరితే, ఏదైనా నడుస్తున్న ల్యాబు డాబా మీదికి తీసుకెళ్లి ఆ చల్లటి డక్టుని ముట్టుకోమంటాను. ల్యాబు కరెంటు బిల్లులో పెద్ద వాటా గోడల్లోంచి రాదు, ఆ డక్టులోంచి పోయే గాలితో వస్తుంది.

ఇంట్లో, ఆఫీసులో, సినిమా హాల్లో ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. బయటి గాలి కొద్దిగా కలుస్తుంది, అంతే. పరిశోధన ల్యాబులో ఆ వీలు ఉండదు. ఒక గదిలో ఆవిరయ్యే ద్రావకాలు, ఇంకో గదిలో రోగుల నమూనాలు, మరో గదిలో జంతువులు ఉంటాయి. ఒక గది గాలిని ఇంకో గదికి పంపితే అక్కడి ప్రమాదం ఇక్కడికి వస్తుంది. అందుకే లోపలికి వచ్చిన గాలి ఒకసారి వాడి బయటికే పోవాలి. పైగా అది పోయే దిశ కూడా ముఖ్యం. కారిడార్ నుంచి ల్యాబులోకి, ల్యాబులో శుభ్రమైన మూల నుంచి ప్రమాదం ఎక్కువున్న మూలకి గాలి నడవాలి. ఎప్పుడూ వెనక్కి రాకూడదు.

చెన్నైలో ఈ మాటకి ప్రత్యేకమైన బరువుంది. చేట్‌పట్‌లోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ 1956లో మొదలైంది. క్షయ రోగిని శానిటోరియంలో పెట్టకుండా ఇంట్లోనే ఉంచి మందులిచ్చినా ఫలితం అంతే బాగుంటుందని 1959లో ప్రపంచానికి చూపించిన పరిశోధన ఇక్కడిదే. ఆ సూక్ష్మజీవి గాలిలోనే వ్యాపిస్తుంది. దాన్ని పెంచి పరీక్షించే గదిలో పనిచేసే అమ్మాయి క్షేమంగా ఇంటికి వెళ్లడానికి మాస్కు ఎంత కారణమో, ఆ గదిలో గాలి సరైన దిశలో నడవడమూ అంతే కారణం. కాబట్టి ఈ వ్యాసంలో గాలి తగ్గించడం గురించి నేను రాసే ప్రతి మాటా ఆ అమ్మాయిని మనసులో పెట్టుకునే రాస్తున్నాను. క్షేమాన్ని తగ్గించి చేసిన పొదుపు నాకు అక్కర్లేదు.

ఒక చిన్న గది లెక్క

ల్యాబు వెంటిలేషన్‌ని గంటకి ఎన్నిసార్లు గది గాలి మొత్తం మారుతుందో చెప్పి కొలుస్తారు. దీన్ని ఎయిర్ చేంజెస్ అంటారు. 20 అడుగులు, 30 అడుగులు, 10 అడుగుల ఎత్తు ఉన్న మామూలు ల్యాబు గది తీసుకుందాం. అంటే 6,000 ఘనపుటడుగులు. గంటకి 12 సార్లు గాలి మారాలంటే నిమిషానికి 1,200 ఘనపుటడుగుల బయటి గాలి కావాలి. మా భాషలో 1,200 సీఎఫ్‌ఎమ్.

ఇప్పుడు చెన్నైలో సముద్రపు గాలి తిరిగి, బయట 33 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న సాయంత్రం అనుకోండి. ఆ గాలిని లోపలికి పంపడానికి 13 డిగ్రీల దాకా చల్లబరచాలంటే ప్రతి 1,000 సీఎఫ్‌ఎమ్‌కి దాదాపు 8 టన్నుల ఏసీ కావాలి. మన గదికి తొమ్మిదిన్నర టన్నులు దాటుతుంది. ఇంట్లో బిగించుకునే ఒకటిన్నర టన్నుల ఏసీలు ఆరున్నర అన్నమాట. అది కూడా గాలి కోసమే. లోపలి యంత్రాల వేడి, మనుషుల వేడి, ఎండ వేడి ఇంకా లెక్కలోకే రాలేదు. అంతే విస్తీర్ణమున్న ఇంటికి రెండు ఏసీలుంటే చాలనుకుంటాం.

అదే గదికి గంటకి 12 బదులు 8 మార్పులు చాలని తేలితే? మూడు టన్నులకి పైగా మిగులుతుంది. అదే గది కిటికీకి మామూలు అద్దం తీసి ఖరీదైన అద్దం వేస్తే మిగిలేది ఎండ బాగా పడే వేళ కూడా పావు టన్ను దాటదు. మంచి అద్దం వద్దని కాదు. కానీ మీటింగులో అద్దం నమూనాల మీద రెండు గంటలు గడిచి, గాలి అంకెని పాత ప్రాజెక్టు కాగితం నుంచి రెండు నిమిషాల్లో ఎత్తి రాసేయడం చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఈ లెక్కలో ఇంకో సంగతి దాగి ఉంది. ఆ 8 టన్నుల్లో గాలి వేడి తగ్గించడానికి పోయేది నూటికి నలభై పాళ్లే. మిగతా అరవై పాళ్లు గాలిలోని ఆవిరిని నీళ్లుగా మార్చడానికి పోతుంది. చెన్నైలో మనం ఏసీ అని పిలిచేది సగానికి పైగా నీళ్లు పిండే యంత్రమే. అలాంటి వాతావరణంలో ప్రతి 1,000 సీఎఫ్‌ఎమ్ నుంచి గంటకి పాతిక లీటర్ల నీళ్లు కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల వరస) మీద కారతాయి. 20,000 సీఎఫ్‌ఎమ్ వాడే ఓ మోస్తరు పరిశోధన భవనంలో, అదే తేమ రోజంతా నిలిస్తే, 12,000 లీటర్లు. సరిగ్గా మన వీధిలోకి వచ్చే పెద్ద ట్యాంకర్ లారీ ఒకటి.

2019 వేసవిలో పూండి, చెంబరంబాక్కం చెరువులు అడుగంటి, బిందెలతో లారీల వెంట పరుగెత్తిన ఊరు ఇది. ఆ ఏడాది కూడా ఎన్నో భవనాల్లో ఈ నీళ్లు పైపు గుండా నేరుగా డ్రైనేజీలోకి పోయాయి. ఇది దాదాపు డిస్టిల్డ్ వాటర్‌లాంటిది, ఉప్పు ఉండదు. తాగడానికి కాదు గానీ, చిల్లర్ వేడిని బయటి గాలిలోకి వదిలే కూలింగ్ టవర్‌కి ఇంతకంటే మంచి నీళ్లు దొరకవు. బోరు నీళ్లలోని ఉప్పు పేరుకుపోకుండా టవర్ నీళ్లని మాటిమాటికీ పారబోయాల్సి వస్తుంది. ఈ నీళ్లు కలిపితే ఆ పారబోత తగ్గుతుంది. దీనికి కావాల్సింది ఒక తొట్టి, ఒక పంపు, కొంత పైపు. డిజైన్ రోజునే పైపుకి దారి ఇస్తే ఖర్చు పెద్దగా ఉండదు. కట్టేశాక పెట్టాలంటే స్లాబులకి కన్నాలు కొట్టాలి.

గాలి ఎంత కావాలో ఎవరు చెప్పాలి?

12 అన్న అంకె ఎక్కడిది? చాలాసార్లు ఎవరికీ తెలియదు. ముందు ప్రాజెక్టులో ఉంది కాబట్టి ఇక్కడా ఉంది. అమెరికాలో ల్యాబు వెంటిలేషన్‌కి వాడే జడ్ 9.5 ప్రమాణం అన్ని ల్యాబులకీ ఒకే అంకె ఇవ్వదు. గదిలో జరిగే పని చూసి, ప్రమాదం అంచనా వేసి నిర్ణయించుకోమంటుంది. క్షయ పరీక్షలు చేసే ల్యాబులకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 6 నుంచి 12 మధ్య. ప్రయోగ జంతువుల గదులకి వాడుకలో ఉన్నది 10 నుంచి 15. ఇవన్నీ వేర్వేరు గదులు, వేర్వేరు కారణాలు. భవనం మొత్తానికి ఒకే పెద్ద అంకె రాసేయడం జాగ్రత్తలా కనిపిస్తుంది కానీ, ఎవరూ గదిగదికీ కూర్చుని ఆలోచించలేదన్న దానికి గుర్తు అది.

నిజానికి ప్రమాదాన్ని పట్టేది గది గాలి కాదు, ప్రమాదం పుట్టే చోటే దాన్ని పట్టే పెట్టె. ఆ పెట్టెలు రెండు రకాలు. వీటి మధ్య గందరగోళం వల్ల పోయే కరెంటు అంతా ఇంతా కాదు.

ఒకటి ఫ్యూమ్ హుడ్. రసాయనాల ఆవిరి కోసం. ముందు పైకీ కిందికీ జరిగే అద్దం ఉంటుంది, దాన్ని సాష్ అంటారు. ఆ సందులోంచి గది గాలిని లోపలికి లాగి డాబా మీదికి తోస్తుంది. ఐదడుగుల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు తెరిచిన సాష్ దగ్గర గాలి నిమిషానికి 100 అడుగుల వేగంతో పోవాలంటే 750 సీఎఫ్‌ఎమ్ కావాలి. చెన్నై తేమలో అది 6 టన్నులు. ఒక ఫ్యూమ్ హుడ్ ఏడాదికి వాడించే శక్తి సగటు అమెరికన్ ఇంటికంటే మూడున్నర రెట్లని లారెన్స్ బర్కిలీ ల్యాబు పరిశోధకులు ఏనాడో లెక్కగట్టారు.

రెండోది బయోసేఫ్టీ క్యాబినెట్. సూక్ష్మజీవుల కోసం. వీటిలో ఎక్కువగా వాడే క్లాస్ 2, ఏ2 రకం లోపలి గాలిలో 70 శాతాన్ని, అతి సన్నటి కణాలని కూడా పట్టే హెపా ఫిల్టర్ గుండా మళ్లీ లోపలికే పంపి, మిగతా 30 శాతాన్ని ఇంకో హెపా ఫిల్టర్ దాటించి గదిలోకే వదలగలదు. డక్టు అక్కర్లేదు. బీ2 రకం అలా కాదు. దాని గాలి మొత్తం బయటికే పోవాలి. సూక్ష్మజీవులతో పాటు విషపు ఆవిరులు కూడా పుట్టే పనికి బీ2 తప్పదు. కానీ ఏ ఆవిరీ లేని కణాల పెంపకానికి కూడా "పెద్దది ఉంటే మంచిదే కదా" అని బీ2 రాసిన ఇండెంట్లు చాలా చూశాను. ఆ ఒక్క అక్షరం భవనం ఉన్నన్నాళ్లూ టన్నుల కొద్దీ చల్లటి గాలిని బయటికి తోస్తుంది.

అందుకే డిజైన్ మొదటి నెలలో నేను ఆర్కిటెక్ట్ దగ్గర కంటే ల్యాబు మేనేజర్ల దగ్గర ఎక్కువ కూర్చుంటాను. ఏ గదిలో ఏ ద్రావకం ఎన్ని లీటర్లు వాడతారు? హుడ్‌లో రోజుకి ఎన్ని గంటల పని? ఈ హుడ్ నిజంగా పనికా, లేక సీసాలు దాచుకోవడానికా? సీసాలు దాచడానికి గాలి లాగే అలమరా ఉంది, దానికి చాలా తక్కువ గాలి చాలు. మొదట్లో వాళ్లకి ఈ ప్రశ్నలు చిరాకనిపిస్తాయి. పది నిమిషాలయ్యాక వాళ్లే బెంచీ బెంచీకీ తీసుకెళ్లి చూపిస్తారు. తమ పని గురించి శ్రద్ధగా అడిగేవాళ్లు దొరికితే చెప్పనివాళ్లు ఉండరు.

అలా కూర్చున్నప్పుడు తేలే ఇంకో ముఖ్యమైన విషయం, ల్యాబులో సగం కుర్చీలు ల్యాబు పనికి కావని. రిపోర్టులు రాయడానికి, డేటా చూడడానికి వాడే బల్లలవి. వాటిని మధ్యలో అద్దం గోడ పెట్టి బయటికి తెస్తే, ఆ భాగానికి ఆఫీసు గాలి చాలు. ల్యాబు చిన్నదవుతుంది, బిల్లూ చిన్నదవుతుంది. మనుషులు కూడా రసాయనాల పక్కన కూర్చుని టీ తాగరు.

గాలి అంకె తేలాక, దాన్ని రోజంతా ఒకేలా ఉంచనక్కర్లేదు. సాష్ దించితే హుడ్ గాలి తగ్గాలి, గదికి వచ్చే గాలీ అదే లెక్కన తగ్గాలి, గది పీడనం మాత్రం కారిడార్ కంటే తక్కువగానే ఉండాలి. రాత్రి మనుషులు లేనప్పుడు మామూలు ల్యాబుల్లో మార్పులు ఇంకా తగ్గించొచ్చు. క్షయలాంటి గాలిలో పాకే జబ్బుల మీద పనిచేసే బీఎస్ఎల్-3 (మూడో స్థాయి జీవభద్రత) గదుల్లో, జంతువుల గదుల్లో మాత్రం ఈ సర్దుబాట్లు పెట్టను. అమెరికాలో యూసీ అర్వైన్ విశ్వవిద్యాలయం గది గాలిలో ఆవిరులున్నాయా లేదా సెన్సర్లతో చూసుకుంటూ, శుభ్రంగా ఉన్నప్పుడు గాలి తగ్గించి, తేడా రాగానే పెంచే పద్ధతితో ల్యాబు శక్తి వాడకాన్ని సగానికి పైగా తగ్గించింది. హార్వర్డ్‌లో సాష్ మూయించడం కోసమే ప్రచారం నడిపారు.

గాలి తగ్గితే లాభం చిల్లర్ దగ్గర ఆగదు. ఫ్యాన్ తినే కరెంటు గాలి పరిమాణపు ఘనంతో (మూడో ఘాతంతో) మారుతుంది. గాలిని ఐదో వంతు తగ్గిస్తే ఫ్యాన్ కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. ప్రకృతి ఇంత ఉదారంగా ఇచ్చే రాయితీ ఈ రంగంలో ఇంకోటి లేదు.

బయటికి పోయేదాన్నుంచి ఎంత తిరిగి పట్టుకోవచ్చు?

పారేసే గాలి చల్లగా ఉంది కదా, ఆ చల్లదనాన్ని వచ్చే గాలికి ఇవ్వలేమా అని ఎవరికైనా తడుతుంది. ఇవ్వొచ్చు. కానీ ఇక్కడ చలిదేశాల పుస్తకం చూసి కట్టినవాళ్లు దెబ్బతింటారు.

వాళ్లు ఎక్కువగా వాడేది రెండు డక్టుల్లో రెండు కాయిల్స్ పెట్టి మధ్యలో నీళ్లు తిప్పే పద్ధతి. గాలీ గాలీ అసలు కలవవు కాబట్టి చాలా క్షేమం. బయట సున్నా డిగ్రీలు, లోపల 22 ఉన్న దేశంలో తేడా పెద్దది, లాభమూ పెద్దదే. చెన్నైలో బయట 33, లోపల 24. తేడా తొమ్మిదే. కాయిల్ ఆ తొమ్మిదిలో సగం పట్టుకున్నా, మొత్తం చల్లబరిచే భారంలో తగ్గేది పదో వంతు కూడా కాదు. భారమంతా తేమలో ఉంటే ఇది వేడిని మాత్రమే పట్టుకుంటోంది మరి.

తేమని కూడా పట్టుకునేది ఎంథాల్పీ చక్రం. పెద్ద రంగులరాట్నంలా తిరుగుతూ, తేమ పీల్చే పూత ఉన్న సన్నటి గొట్టాల గుండా బయటి గాలి తేమని తీసి పోయే గాలికి అప్పగిస్తుంది. బాగా పనిచేసే చక్రం చెన్నైలో తాజా గాలి భారాన్ని సగానికి తేగలదు. ఇబ్బంది ఏంటంటే చక్రం రెండు డక్టుల్లోనూ తిరుగుతుంది, అంచుల దగ్గర కొద్దిగా లీకు ఉంటుంది. కాబట్టి ఫ్యూమ్ హుడ్ గాలినీ, బీఎస్ఎల్-3 గాలినీ దాని దగ్గరికి రానివ్వకూడదు.

పరిష్కారం యంత్రంలో లేదు, ప్లానులో ఉంది. గాలిని మొదటి నుంచీ మూడు దారులుగా విడదీయాలి. బల్లలు, కారిడార్లు, మామూలు గదుల గాలి ఒక దారి, అది చక్రం మీదుగా పోతుంది. హుడ్ల గాలి ఇంకో దారి, నేరుగా చిమ్నీకి. అధిక ప్రమాదపు గదులది హెపా ఫిల్టర్లతో తమదైన దారి. మూడు దారులంటే డక్టులు అంతస్తుల గుండా నిలువుగా పోయే షాఫ్టులు మూడు. షాఫ్టులంటే అమ్ముకోదగ్గ చోటు పోవడం. ఇక్కడే ఆర్కిటెక్ట్‌తో నా గొడవలన్నీ.

డక్టు ఇరుకైతే గాలి వేగం పెరుగుతుంది, రాపిడి ఇంకా ఎక్కువగా పెరుగుతుంది, ఫ్యాన్ ఆ తప్పుకి జీవితాంతం వడ్డీ కడుతుంది. కాలిఫోర్నియాలో లూయీ కాన్ డిజైన్ చేసిన సాక్ ఇన్‌స్టిట్యూట్‌లో, ప్రతి ల్యాబు అంతస్తు పైనా పైపులకీ డక్టులకీ ఒక పూర్తి అంతస్తు వదిలేశారు. 1960లలో కట్టిన ఆ ల్యాబులు ఇప్పటికీ కొత్త పరిశోధనలకి సర్దుకుంటున్నాయంటే ఆ ఖాళీ చోటే కారణం. మనం అంత అడగలేం. అంతస్తుకి అంతస్తుకి మధ్య పన్నెండడుగుల బదులు పద్నాలుగు, పద్నాలుగున్నర ఇవ్వండి చాలు అంటాను. స్లాబు వేశాక ఆ రెండడుగులు ఎంత డబ్బిచ్చినా దొరకవు.

చలికి స్వెటర్లు వేసుకున్న ల్యాబు

నా పనిలో నేను మరచిపోలేని తప్పు ఒకటుంది. చెన్నై దక్షిణాన ఐటీ కంపెనీలున్న ఓఎంఆర్ రోడ్డు వైపు ఒక ల్యాబు. తేమ తీయడానికి గాలిని 13 డిగ్రీలకి చల్లబరిచాం. అంత చల్లటి గాలి గదిలోకి నేరుగా పోస్తే మనుషులు వణికిపోతారు, కాబట్టి దాన్ని మళ్లీ కొద్దిగా వెచ్చబెట్టాలి. డ్రాయింగులో దానికి ఎలక్ట్రిక్ హీటర్లున్నాయి. ఖర్చు తగ్గించే మీటింగులో ముందు ఎగిరిపోయినవి అవే. చల్లబరిచి మళ్లీ వేడి చేయడం దండగని నాకూ అనిపించింది, ఒప్పుకున్నాను. దానికి బదులు ఏం పెట్టాలో మాత్రం ఆలోచించలేదు.

ఆరు నెలల తర్వాత వెళ్లి చూస్తే చెన్నైలో, ఆగస్టులో, ల్యాబులో అందరూ స్వెటర్లతో ఉన్నారు. ఇద్దరు ముగ్గురు తమ తల మీదున్న గాలి జాలీలకి అట్టముక్కలు పెట్టి టేపు వేసుకున్నారు. వాళ్లని ఏమనగలం? కానీ టేపు వేసిన గదుల్లో వచ్చే గాలి తగ్గింది, పోయే గాలి అలాగే ఉంది. తలుపు తెరవాలంటే భుజంతో నెట్టాలి. అక్కడ ఆగిన గాలి పక్క గదుల్లోకి ఎక్కువైంది. ఒక చోట గాలి ల్యాబులోంచి కారిడార్‌లోకి నడుస్తోంది. చలి గురించిన ఇబ్బంది అలా క్షేమం మీదికి వచ్చింది.

సరైన పద్ధతి చిల్లర్ కాయిల్‌కి ముందొకటి, వెనకొకటి కాయిల్ పెట్టడం. వచ్చే వేడి గాలి నుంచి ముందు కాయిల్ తీసుకున్న వేడినే వెనక కాయిల్ చల్లబడ్డ గాలికి ఇస్తుంది. హీట్ పైప్ అని దొరుకుతుంది, కదిలే భాగాలుండవు. ముందు చల్లబరచడంలో కొంత సాయం, వెనక వెచ్చబెట్టడం ఉచితం. ఆ తర్వాత నా ప్రతి డిజైన్‌లో అదుంది. ఖర్చు తగ్గించే మీటింగులో దాని జోలికి వస్తే ఆ స్వెటర్ల కథ చెప్తాను.

ఇంకో మాట కూడా ఆ అనుభవంతోనే నేర్చుకున్నాను. భవనమంతా 22 డిగ్రీలు, 50 శాతం తేమ అని రాసిచ్చే కాగితాన్ని అలాగే తీసుకోకూడదు. సూక్ష్మమైన పరికరాల గదికి అది కావాలి. మామూలు బెంచీ ల్యాబుకి 24, 25 డిగ్రీలు హాయిగా ఉంటాయి.

వేడి తీయడం వేరు, గాలి మార్చడం వేరు

ఫ్రీజర్ల సంగతి. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ పాతదైతే రోజుకి 20 యూనిట్ల దాకా తింటుంది, ఒక మధ్యతరగతి ఇంటి కంటే ఎక్కువ. ఆ కరెంటంతా చివరికి వేడిగా మారి గదిలోకే వస్తుంది. ముప్ఫై ఫ్రీజర్లు ఒక చోట పెడితే వాటి వేడి తీయడానికే ఏడు టన్నులు, ఇరవై నాలుగు గంటలూ. చాలా భవనాల్లో ఈ వేడిని కూడా తాజా గాలితోనే తీస్తారు, తేమ నిండిన బయటి గాలిని పిండి పిండి తెచ్చి. అక్కర్లేదు. ఫ్రీజర్లలో విషం లేదు, వేడి మాత్రమే ఉంది. వాటిని ఒక గదిలోకి చేర్చి, ఆ గది గాలినే తిప్పి చల్లబరిచే ఫ్యాన్ కాయిల్ పెడితే సరిపోతుంది. చాలా నమూనాలకి మైనస్ 70 చాలు, ఆ పది డిగ్రీలతో ఫ్రీజర్ కరెంటు పాతిక శాతం పైన తగ్గుతుంది. ఆ నిర్ణయం శాస్త్రవేత్తలదే. ద్రవ నైట్రోజన్ ఉన్న గదిలో మాత్రం పొదుపు మాట ఎత్తకూడదు. అది లీకైతే ఆక్సిజన్ తగ్గిపోతుంది, మనిషికి తెలియకుండానే స్పృహ పోతుంది. అక్కడ ఆక్సిజన్ సెన్సరూ, అలారమూ, పూర్తి గాలీ ఉండాల్సిందే.

గోడలూ కప్పూ గురించి కొద్దిగా. చెన్నైలో పాతకాలం నుంచీ డాబా మీద ఇటుక జల్లీ, సున్నం కలిపి వేసే వెదరింగ్ కోర్స్, దాని మీద పెంకులు వేడిని బాగానే ఆపుతాయి. ఇప్పుడు దాని కింద ఇన్సులేషన్, పైన తెల్ల పెంకులు వేస్తే ఇంకా మంచిది. భవనం పొడుగు తూర్పు పడమరలుగా ఉండి, కిటికీలు ఉత్తర దక్షిణాలకి తెరుచుకోవాలి. ఇక్కడో చిన్న చిక్కుంది. మన ఊరు 13 డిగ్రీల అక్షాంశంలో ఉంది కాబట్టి ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. ఉత్తరపు కిటికీకి నీడ అక్కర్లేదనుకుంటే పొరపాటు. వీటన్నిటికంటే ల్యాబుకి ముఖ్యం గాలి దూరని గోడ. తలుపు సందుల్లోంచి, పైపు కన్నాల్లోంచి దూరే తడి గాలి ఫాల్స్ సీలింగ్ పైన చల్లటి పైపు మీద కారి, బూజు పట్టిస్తుంది.

బెంగళూరులో పనిచేసే మిత్రులు ఈ కష్టాలు మాకు లేవంటారు. వాళ్ల మాట నిజమే. అదే అక్షాంశం, కానీ 900 మీటర్లకి పైన. రాత్రుళ్లు ఏడాదిలో చాలా నెలలు బయటి గాలే చల్లగా ఉంటుంది. దొమ్మలూరులోని టెరీ (శక్తి, వనరుల పరిశోధన సంస్థ) భవనం దక్షిణపు గోడని కడప రాయితో రెండు పొరలుగా కట్టి, ఎండకి వేడెక్కి పైకి లేచే గాలితో లోపలి గాలిని లాగించారు. మన కడప రాయికి అలాంటి పని దొరకడం నాకు సంతోషంగా అనిపిస్తుంది. అయితే అది ఆఫీసు. ల్యాబులో గాలి దిశని ఎండకి వదిలేయలేం. ఇంకోటి, ఆ ఎత్తులో గాలి దాదాపు పదో వంతు పలచన. అక్కడ ఫ్యాన్లూ, గాలి కొలిచే సెన్సర్లూ ఆ లెక్కతో సరిచేయకపోతే అంకెలు అబద్ధం చెప్తాయి.

సోలార్ చివర్లో. చెన్నైలో ఒక కిలోవాటు ప్యానెళ్లకి పది చదరపు మీటర్ల చోటు కావాలి, రోజుకి సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. ల్యాబు డాబాలో సగం ఫ్యాన్లకీ, చిమ్నీలకీ పోతుంది. ఐదంతస్తుల ల్యాబుని దాని సొంత డాబా నడపలేదు. వచ్చినంత పెట్టండి, కానీ గాలి తగ్గించాక పెట్టండి.

తక్కువ శక్తితో నడవడం వల్ల వచ్చే ఇంకో మేలు డిసెంబరులో తెలుస్తుంది. 2015 వరదల్లో, 2023 మిచాంగ్ తుపానులో ఈ ఊళ్లో బేస్‌మెంట్లు మునిగాయి, కొన్ని పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఏళ్ల తరబడి సేకరించిన రోగుల నమూనాలు ఫ్రీజర్లలో ఉంటాయి. అవి కరిగితే మళ్లీ రావు. జనరేటర్, ప్యానెల్ బోర్డులు పై అంతస్తులో పెట్టండి. భవనం సగం కరెంటుతో నడిస్తే అదే ట్యాంకు డీజిల్ రెట్టింపు గంటలు వస్తుంది.

ఇంత చేశాక కూడా, కాగితం మీద బాగున్న ల్యాబు నడిచేటప్పుడు బాగుండకపోవచ్చు. డక్టు అతుకుల్లో లీకులు, తిరగేసి బిగించిన డ్యాంపర్లు (డక్టులో గాలిని అదుపు చేసే రెక్కలు), ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉన్న వాల్వులు. అప్పగించే ముందు ప్రతి గదినీ పరీక్షించాలి. ప్రతి తలుపు సందు దగ్గరా అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతుందో చూస్తాం. మీటర్లున్నా సరే, నా కంటితో చూడందే ఒప్పుకోను.

మొన్న ఒక ల్యాబులో చివరి పరీక్ష రాత్రి పదింటికి పెట్టుకున్నాం. నేను డాబా మీద ఏహెచ్‌యూ (గాలిని చల్లబరిచి లోపలికి పంపే యంత్రం) ఫ్యాన్ వేగాన్ని మార్చే డ్రైవ్ ముందు నిలబడ్డాను. కింద గూడూరు నుంచి వచ్చిన కుర్ర ఇంజినీరు ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని ఒక్కో హుడ్ సాష్ దించుతున్నాడు. "సార్, మొదటి రెండూ మూశాను." డ్రైవ్ మీద ఫ్యాన్ వేగం చూపే అంకె 44 నుంచి 41 అయింది. "నాలుగు అయ్యాయి సార్." 37. మధ్యలో ఒక హుడ్ మూసినా అంకె కదల్లేదు. ఆగి వెతికితే దాని వాల్వు వైరు ఊడి ఉంది. నెల్లూరు నుంచి నాతో పాటే ఈ పనిలోకి వచ్చిన డక్టు మేస్త్రి నిచ్చెన ఎక్కి సరిచేసి, "ఇప్పుడు చూడన్నా" అని అరిచాడు. 34. ఆఖరి సాష్ దిగాక నా వెనక మూడు ఎగ్జాస్ట్ ఫ్యాన్లలో ఒకటి మెల్లగా ఆగిపోయింది. కింద కుర్రాడు అగరుబత్తి పట్టుకుని తలుపు తలుపుకీ తిరిగి, పొగ అన్ని గదుల్లోనూ లోపలికే పోతోందని చెప్పాడు. అప్పుడు సంతకం పెట్టాను.